అక్కని పట్టని గీత

ఫొటో స్టూడియో నాది. నోరు ఎక్కువ అంటారు, నిజమే. ఒకప్పుడు ఫొటోలో మనిషిని వెనకున్న గోడ నుంచి విడదియ్యాలంటే వెంట్రుక వెంట్రుక చొప్పున కళ్ళు పోగొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట నొక్కితే చాలు. మనిషి ఎవరో అదే కనిపెట్టి చుట్టూ చుక్కల గీత గీసేస్తుంది. చీమల బారులా ఆ చుక్కలు కదులుతూ ఉంటాయి.

ఆ మధ్యాహ్నం ఒకటే వాన. బావ అక్కనీ, మూడేళ్ళ పాపనీ నా దగ్గర దింపి టిక్కెట్ల పని మీద వెళ్ళాడు. సాయంత్రం బండికి ముగ్గురూ వేరే ఊరు వెళ్ళిపోతున్నారు. ఆసుపత్రిలో చావు అంచుదాకా వెళ్ళి తిరిగొచ్చింది మా అక్క. నాకైతే పోయిన ప్రాణం లేచొచ్చినట్టుంది. ఒక్కటే బెంగ. ఆవిడ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ పాప ఆవిడ దగ్గరికి పోవడం లేదు. బలవంతాన ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడుస్తుంది. మర్చిపోయిందిలే, అక్కడికెళ్తే అదే సర్దుకుంటుందన్నాడు బావ. నేనూ సరేననుకున్నాను.

అక్కకి గుర్తింపు కార్డు కోసం ఫొటో కావాలి. స్టూలు మీద కూర్చోబెట్టి తీశాను. ఫొటోలో వెనకున్న నీలం తెర తీసేసి తెలుపు పెట్టాలి. మీట నొక్కాను.

గీత అక్కని వదిలేసింది. ఆవిడ వెనక, ఖాళీ తెర మీద గీసింది.

దీని కంటికి నువ్వు ఆనలేదక్కా అని వెక్కిరించాను. అక్క నవ్వలేదు. ఇంకోటి తీశాను. మళ్ళీ అక్కడే... అదే ఖాళీలో.

గదిలో తడిగోడ వాసన. స్క్రీన్ దగ్గరికి వంగాను. గీత ఆడమనిషి ఆకారంలో ఉంది. ముడేసుకున్న జుట్టు. కిందికి జారిన ఎడమ భుజం.

మా అక్క చిన్నప్పుడు మెట్ల మీంచి పడింది. అప్పట్నుంచీ ఎడమ భుజం కిందికే ఉంటుంది. స్టూలు మీదున్న ఆవిడ భుజాలు సమానంగా ఉన్నాయి.

గీత తప్పుగా పట్టినదాన్ని చెరిపేసి మళ్ళీ నొక్కడం మా పనిలో అలవాటు. కళ్ళు ఆ భుజం మీదే ఉన్నాయి. వేలు మాత్రం... చెరిపేసింది.

నా వెనక, స్టూలు మీంచి పెద్ద నిట్టూర్పు.

"అమ్మయ్య. ఇప్పుడు తేలిగ్గా ఉందే."

చేసినదాన్ని వెనక్కి తిప్పే మీట నొక్కాను. చెరిగిన చోట నీలం తెర తిరిగొచ్చింది. గీత రాలేదు. మనిషిని పట్టే మీట మళ్ళీ నొక్కాను. ఈసారి స్టూలు మీదున్న ఆవిడని పట్టింది. చక్కగా, వెంట్రుకతో సహా.

అక్కా... నా చేత్తో నేనే... కంప్యూటర్ వదిలేసి, మూలనున్న పాపని లాగి రెండు చేతులతో గుండెకి అదుముకున్నాను. అది వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పాపని కూడా తియ్యవే," అంది ఆవిడ.

"ఫొటోనా?" అన్నాను.

ఆవిడ పాపనే చూస్తోంది. బయట బావ పిలుస్తున్నాడు, టైమైపోతోందని.

కంప్యూటర్ దగ్గర మీట నొక్కిన చప్పుడైంది. అక్కడెవరూ లేరు. స్క్రీన్ మీద స్టూలు పక్కన, ఖాళీ తెర మీద, చుక్కలు కదలడం మొదలెట్టాయి. చిన్న గీత. మూడేళ్ళ పిల్లంత.

నా చేతుల్లో పాప ఠక్కున ఏడుపు ఆపేసింది. నన్ను తోసి, స్టూలు వైపు రెండు చేతులూ చాచింది.