నాలుగో పాపం

శుక్రవారం పొద్దున హెప్సిబా తల్లికి రాగిజావ తాగిస్తోంది. రత్నమ్మకు పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది. రెండు చెంచాలు లోపలికి పోతే ఒక చెంచా గడ్డం మీదికి కారుతుంది. తుడుద్దామని తువ్వాలు లాగితే దాని కిందినుంచి మడిచిన కాగితం జారిపడింది.

"ఏందిమా ఇది?"

తల్లి మొహం పక్కకు తిప్పుకుంది. అద్దం ముందు తల దువ్వుకుంటున్న తండ్రి దైవసహాయం జవాబు చెప్పాడు.

"సాయంత్రం మనింట్లో స్వస్థత ప్రార్థన ఉండాది కదా పాపా. దాచిన పాపమేదో ఉండబట్టే మీ అమ్మకు నయం కావడంలేదని పాస్టరయ్య చెప్పినారు. అందుకే రాయమన్నా. అందరి ముందర చదివి ఒప్పుకుంటే ప్రభువు క్షమిస్తాడు. క్షమిస్తే లేచి నడుస్తాది."

హెప్సిబాకు ఒళ్ళు మండింది. చెయ్యి పడిపోయిన మనిషి చేత, ఎడమచేత్తో పాపాలు రాయించాడట! ఇరవై ఏళ్ళుగా సంఘంలో ఏ విందు జరిగినా చివరిదాకా ఉండి గిన్నెలు తోమిన ఈ పిచ్చితల్లికి పాపాలేముంటాయి? కాగితం విప్పి గట్టిగా చదివింది.

"ఒకటి. చిన్నప్పుడు పక్కింటోళ్ళ సీతాఫలం కోసుకుని తిన్నా. రెండు. అత్త పోయినప్పుడు ఏడుపు రాకున్నా ఏడ్చినా. మూడు. ఆరాధనలో కునుకు తీసినా. నాలుగు..."

ఆ వాక్యాన్ని ఆమె ముందు కళ్ళతో చదువుకుంది.

"నాలుగు. ప్రార్థనతో బీపీ పోయిందని సాక్ష్యం చెప్పినాక కూడా, తల తిరగతా ఉంటే మా ఆయన్ని మూడుసార్లు మాత్ర అడిగినా. నాకు నమ్మకం చాలలేదు."

నిరుడు తల్లి సంఘంలో నిలబడి చెప్పిన ఆ సాక్ష్యం హెప్సిబాకు గుర్తుంది. ఆ తరువాత కూడా తండ్రి మాత్రలు తెచ్చిస్తున్నాడనీ, మింగడం మరిచిపోయింది తల్లేననీ అనుకుంది. నీ మతిమరుపే నీ కొంప ముంచిందని ఎన్నోసార్లు విసుక్కుంది కూడా.

"అమ్మ అడిగిందా నాయనా?"

"సాక్ష్యం చెప్పి మళ్ళీ మాత్ర మింగితే సంఘమంతా ఏమనుకుంటాది పాపా?"

"అందుకని ఇవ్వలేదా!" హెప్సిబా లేచి నిలబడింది. "పక్షవాతమొచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు తీసి ప్రభువు ముందర దింపినారని నువ్వే కదా నాకు చెప్పింది! ఆయన వాళ్ళ నమ్మకం చూసి క్షమించినాడు గాని, పాపాల లిస్టు అడిగినాడా? ఏడు నెలలుగా అమ్మ ఈ మూడో మిద్దెలో పడి ఉండాది. లిఫ్టు లేదు. ఫిజియోథెరపీకి తీసకపోదామంటే ముందు ప్రార్థన కానీ అంటావు. మీ సంఘంలో ఒక్కరన్నా వచ్చి ఆమెను మెట్లు దించినారా? ఆమె పాపాలు వినేదానికి మాత్రం అందరూ వస్తారు!"

"మెల్లగా మాట్లాడు పాపా. పక్కింట్లో..."

"విననీ! మాత్ర అడిగింది పాపమా, ఇవ్వనిది పాపమా? చెప్పు నాయనా!"

దైవసహాయం కాగితం అందుకున్నాడు. నాలుగు రోజులుగా రాయమని పురమాయించాడే గాని, ఏం రాసిందో చూడలేదు. వంకర అక్షరాలను కూడబలుక్కుని చదివాడు. మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు.

"రత్నా, ఈ నాలుగోది నీది కాదు. నాది. నన్ను క్షమించు."

రత్నమ్మ ఎడమచెయ్యి చాచి పెన్ను అడిగింది. ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. చాలదనుకుందేమో, మళ్ళీ గీసింది.

"కొ... కొట్టేసినా," అంది. "ఏడవొద్దు."

ఆయన దుప్పటి అంచు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తరువాత పాస్టరుకు ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, సాయంత్రం మా ఇంట్లో చదివేదానికేమీ లేదు. ఆదివారం నేనే నిలబడి ఒప్పుకుంటా. ఇప్పుడు మాత్రం మనుషుల్ని పంపండి, రత్నను మెట్లు దించి ఆస్పత్రికి తీసకపోవాల." అవతలి మాట కాసేపు విన్నాడు. "ముందు ప్రార్థన కాదయ్యగారూ," అని ఫోన్ పెట్టేశాడు.

ఈ గలాటాకు పక్కింటి రియాజ్, కింది ఇంటి ఓబళప్ప అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే రియాజ్ కుర్చీ తెచ్చాడు. రత్నమ్మను అందులో కూర్చోబెట్టారు. కుర్చీకి తలా ఒక కాలు పట్టుకుంటే, దైవసహాయంతో కలిపి ముగ్గురే అయ్యారు.

"నేనింకా నిన్ను క్షమించలేదు నాయనా," అంది హెప్సిబా.

"తెలుసు పాపా."

ఆమె కళ్ళు తుడుచుకుని, వంగి, నాలుగో కాలు పట్టుకుంది.