తొంభైకి పది

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది లెక్కలత్త. ముందుగది కిటికీ తెరిచి, తన బల్ల తుడుచుకుని, నాలుగు పెన్సిళ్ళు చెక్కి వరసగా పెట్టుకుంటే తప్ప ఆవిడకి తెల్లవారినట్టు ఉండదు. ఆవిడకి అసలు పేరు లేకపోలేదు. కానీ మేనల్లుడు మాటలు నేర్చుకునే వయసులో పెట్టిన ఈ పేరు అంటుకున్నాక, ఆ అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పెళ్ళి మూణ్ణాళ్ళ ముచ్చటై అన్నయ్య ఇంటికి చేరినప్పుడు, అన్నయ్య ప్రహరీ గోడలు కట్టించే చిన్న కాంట్రాక్టరు. ఊరికే కూర్చుని తినడం ఇష్టంలేక ఆవిడ డ్రాయింగులు విప్పింది. గోడకి ఎన్ని ఇటుకలు పడతాయో, సిమెంటు మాలు ఎంత పోతుందో పెద్ద మేస్త్రి దగ్గర కూర్చుని నేర్చుకుంది. నేర్చుకున్నాక ఆయన్నీ వదల్లేదు. గోడ వేలెడు వంకర పోయినా మొహం మీదే చెప్పేసేది. ఇరవై రెండేళ్ళయింది. కంపెనీ పెద్దదైంది. ఎస్టిమేటు మాత్రం ఇప్పటికీ ఆ బల్ల మీదే తయారవుతుంది.

ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఆవిడ కడుపులో ఉంది. అన్నయ్యకి ఒక అలవాటు. ఎస్టిమేటు చేతికి రాగానే జేబులోంచి ఎర్ర పెన్ను తీస్తాడు, చివరి అంకె మీద గీత కొడతాడు, పదో వంతు తగ్గించి పక్కన రాస్తాడు. టెండరు గెలిచేది ఈ గీతతోనే అని ఆయన నమ్మకం. మొదటి ఏడాది అలాగే కొట్టి మూడు పనుల్లో చేతులు కాల్చుకున్నాడు. కొట్టొద్దన్నయ్యా అని ఆవిడ చెబితే, వ్యాపారం నువ్వు నేర్పక్కర్లేదని కసిరాడు. గోడకి చెప్పినా ఒకటే, ఈయనకి చెప్పినా ఒకటే అనుకుని, రెండో ఏడు నుంచి ఆవిడ ఒక ఉపాయం చేసింది. అసలు లెక్క తొంభై వస్తే, ఇక్కడో ముక్క అక్కడో ముక్క కలిపి వంద చేసి ఇచ్చేది. ఆయన పది కొట్టేసేవాడు. తొంభై మిగిలేది. అలా ఆయన గీతా నిలబడింది, వ్యాపారమూ నిలబడింది.

మేనల్లుడు చదువు ముగించి ఆఫీసుకి రావడం మొదలుపెట్టాక, చేతి లెక్కలు చాలు, సాఫ్ట్‌వేర్ కొందామన్నాడు. లెక్కలత్త ఏడుస్తుందని వదిన అనుకుంది గానీ, ఆవిడ ఏడవలేదు. కళ్ళు మసకలు పడుతున్నాయి, మంచిదే కదా అంది. రెండు కంపెనీల వాళ్ళు వచ్చి చూపించారు. ఒకదాంట్లో ధరలన్నీ వాళ్ళే నింపి ఇస్తారు. రెండోదాంట్లో మన ధరలు, మన పనివాళ్ళు రోజుకి ఎంత పని చేస్తారో అన్నీ మనమే నింపుకోవాలి. మేనల్లుడికి మొదటిది నచ్చింది, పని తక్కువ కదా అని. "ఊళ్ళోవాళ్ళ కొలతలతో చొక్కా కుట్టించుకుంటావా? రెండోది తీసుకో" అంది లెక్కలత్త. అంతటితో ఆగకుండా, తన నోటు పుస్తకాలన్నీ ముందేసుకుని, కలుపుళ్ళు లేని అసలు లెక్కలు నెలరోజులు కూర్చుని వాడికి చెప్పి నింపించింది.

ఏరు దాటాక తెప్ప తగలెయ్యడానికి మేనల్లుడు ఎక్కువ రోజులు తీసుకోలేదు. నెల ఉచితంగా వాడుకున్నాక డబ్బు కట్టే రోజు పొద్దున, నాన్నకి నమ్మకం కలగాలంటూ ఒక పందెం పెట్టాడు. రెండంతస్తుల బడి డ్రాయింగు ఒకటి ఇచ్చి, అత్తని లెక్క వెయ్యమన్నాడు. అటు సాఫ్ట్‌వేరూ వేస్తుంది. ఆఫీసు కుర్చీలో సాఫ్ట్‌వేర్ అమ్మడానికొచ్చినాయన, ఎదురుగా అన్నయ్య, గుమ్మంలో టీ కప్పులతో వదిన.

సాఫ్ట్‌వేర్ పావుగంటలో తొంభై లక్షలంది. లెక్కలత్తకి మధ్యాహ్నమైంది. చివరి కూడిక వేస్తూ ల్యాప్‌టాప్ వైపు చూసింది. తొంభై. తన మనసులో వచ్చిన అంకె అక్షరాలా అదే. తను పెంచిన పిల్ల పరీక్ష పాసైనట్టు ఆవిడకి సంతోషమేసింది. ఆ సంతోషంలోనే కాగితం మేనల్లుడి చేతికిచ్చింది. ఇచ్చాక గుర్తొచ్చింది, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి కాగితం మీద వంద వేసేసిందని.

మేనల్లుడు ఆ అంకె పైకి చదివాడు. రెండోసారి ఇంకొంచెం గట్టిగా చదివాడు.

"అత్తా, ధరలు నువ్వు చెప్పినవే. డ్రాయింగు ఒకటే. పది లక్షలు తేడా. నీకు లెక్కలన్నా రాకపోవాలి, ఆ పదీ ఎవరన్నా తింటూ ఉండాలి. ఏది?"

పరాయి మనిషి ముందు పడిందా మాట. ఆవిడ అన్నయ్య వైపు చూసింది. సంగతి చెప్పాలంటే, ఆయన గీత ఇన్నేళ్ళూ ఉత్తిదేనని అందరి ముందూ చెప్పాలి. చెప్పలేక, ఆయనే ఒక్క మాటతో వెనకేసుకొస్తే చాలనుకుంది. అన్నయ్య నవ్వాడు.

"తినదులేరా, అంత ధైర్యం ఎక్కడిది. భయానికి ఎక్కువ వేస్తుంది, చేతకాని వంటమనిషి ఉప్పు వేసినట్టు. నా పెన్ను ఉంది కాబట్టి సరిపోయింది. ఇరవై రెండేళ్ళుగా దీని తప్పులు దిద్దుతూనే ఉన్నాను. ఏం చేస్తాం, ఇంట్లో పెట్టుకున్నాక ఏదో ఒక పని ఇవ్వాలి కదా."

అమ్మడానికొచ్చినాయన కూడా మర్యాదకి నవ్వాడు. సాయంత్రానికి బల్ల ముందుగదిలోంచి వెనక వసారాలో పెయింటు డబ్బాల పక్కకి వెళ్ళిపోయింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నారు, మరి పెరట్లోనే పడెయ్యాలి కదా. మర్నాటినుంచి ఆఫీసు గదికి టీలు అందించడం ఆవిడ పనైంది.

రెండు వారాలకి పెద్ద హాస్టలు కట్టే టెండరు వచ్చింది. మేనల్లుడు సాఫ్ట్‌వేర్‌తో లెక్క తీసి, కాగితం తండ్రి ముందు పెట్టి, ఫోను మోగితే బయటికి వెళ్ళాడు. లెక్కలత్త టీ పట్టుకుని నిలబడి ఉంది. అన్నయ్య చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఎర్ర పెన్ను బయటికి వచ్చింది. కలుపు లేని ఆ అంకె మీద గీత పడింది, పక్కన పదో వంతు తక్కువ అంకె పడింది. టెండరు కవరు ఎప్పుడూ ఆయనే అంటించి పంపుతాడు, కొడుక్కి మళ్ళీ చూపించే పనే లేదు.

ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. దీని తప్పులు దిద్దుతూనే ఉన్నాను అన్న నవ్వు చెవుల్లో మోగింది. కప్పు బల్ల మీద పెట్టి, ఖాళీ కప్పు తీసుకుని వెనక్కి వచ్చేసింది. దాచడమెందుకు, ఆ పూట ఆవిడకి అన్నం రుచిగా ఉంది.

టెండరు గెలిచారు. తమ తర్వాతి వాడి అంకె ఎక్కడో పైన ఉందని తెలిసినా మేనల్లుడు అది తన తెలివి అనుకున్నాడు. నాలుగో నెలకి, రెండో స్లాబు పడకుండానే చేతిలో డబ్బు అయిపోయింది. అప్పుడు మేనల్లుడు సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద పడ్డాడు. ఆ అమ్మినాయనే వచ్చి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. మా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె ఇది, మీరు పంపిన అంకె ఇది, చూసుకోండని వెళ్ళిపోయాడు.

"నాన్నా, ఇదెవరు కొట్టారు?"

"నేనే. ఎప్పుడూ కొట్టేదేగా."

"ఎప్పుడూ ఇలాగే కొడితే, ఇన్నేళ్ళూ ఎలా గట్టెక్కాం?"

అన్నయ్య ఆ కాగితాలు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. లేచి వెనక వసారాలోకి నడిచాడు. వెనకే కొడుకు, భార్య.

లెక్కలత్త అడగకుండానే చెప్పింది. తొంభైకి పది ఎలా కలిపేదో, ఏ ఏడు నుంచో, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మేనల్లుడు తల దించుకున్నాడు. అన్నయ్య మొహం మాత్రం గట్టిపడింది.

"నేను గీత కొట్టిన రోజు నువ్వక్కడే ఉన్నావు. టీ పట్టుకుని."

"ఉన్నాను."

"చూశావా?"

"చూశాను. ఇరవై రెండేళ్ళుగా నా తప్పులు దిద్దుతున్నావు కదా అన్నయ్యా. ఈసారి తప్పే లేదు. అయినా దిద్దావు."

పాముకి పాలు పోశామంది వదిన. అన్నయ్య ఆవిణ్ణి ఆగమని చెయ్యి ఎత్తాడు.

"కలుపుతున్నానని నాకు ఒక్కసారి చెబితే ఏం పోయేదే?"

"నీ గీత పోయేది. అది పోతే తట్టుకోలేవనుకున్నాను."

ఆయన పెయింటు డబ్బా మీద కూలబడి, పైపంచెతో మొహం కప్పుకున్నాడు. లెక్కలత్తకి జాలి కలగలేదు. ఈ క్షణం కోసమే నాలుగు నెలలుగా బతికినట్టు నిటారుగా నిలబడింది. కాసేపటికి ఆయన లేచి, బల్ల ముందుగదిలోకి తెమ్మని కొడుక్కి చెప్పాడు.

బల్ల బరువైనది, ఒక్కడి వల్ల కాలేదు. సరిగ్గా అప్పుడే పెరటి గుమ్మంలోకి పెద్ద మేస్త్రి వచ్చాడు. స్టోరు తాళంచెవి ఇచ్చిపోదామని వచ్చాడట. డబ్బు చాలక, పొద్దున్నే ఆయన్నీ ఆయన పదకొండు మందినీ మానిపించి, సగం కూలికి వచ్చే వేరే జట్టుని పెట్టారు. ఆ సంగతి లెక్కలత్తకి అప్పుడే తెలిసింది.

మేస్త్రి ఒక పక్క పట్టి బల్ల మోశాడు. కిటికీ దగ్గర పాత జాగాలో పెట్టి, కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో వంగి చూశాడు.

"మీ చోటు మీకొచ్చిందమ్మా. మీరే లెక్క వేసుంటే మాకీ గతి పట్టేది కాదు" అని, తాపీల సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. నోటు పుస్తకం తెరవడానికి చేతులు రాలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, అన్నయ్య మీది కోపం ఎవరి కంచంలో పడిందో అప్పుడు తెలిసొచ్చింది. లేచి చెప్పులైనా లేకుండా వీధి గేటు దాకా పరిగెత్తింది.

"మేస్త్రీ, ఆగు. గీత కొట్టినప్పుడు నేను చూశాను. తెలిసే ఊరుకున్నాను."

ఆయన తాపీల సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా గోడ వేలెడు వంకర పోతే మొహం మీదే చెప్పేవారు కదమ్మా" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

ఆవిడ గేటు పట్టుకుని ఏడ్చింది. పందెం రోజు రాని ఏడుపు, బల్ల పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

నెల తర్వాత ఆసుపత్రి ప్రహరీ పని ఒకటి వచ్చింది. మేనల్లుడు ల్యాప్‌టాప్ తెచ్చి అత్త బల్ల మీదే పెట్టాడు. క్షమించమని నోటితో అనలేదు గానీ, ప్రతి అంకె ముందూ ఆగి ఆవిడ తల ఊపేదాకా చూశాడు. కూలీల దగ్గర ఆవిడ పెద్ద మేస్త్రి జట్టు కూలి వేయించింది. ఆయన వస్తాడో రాడో తెలియదు. రెండుసార్లు కబురు పెట్టినా జవాబు లేదు.

కాగితం అన్నయ్య ముందుకి వెళ్ళింది. ఆయన చదివాడు, తల ఊపాడు. చదువుతూనే, ఆయనకే తెలియకుండా, చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"కొట్టకన్నయ్యా" అంది లెక్కలత్త. "ఇందులో నేనేమీ కలపలేదు."