కోచ్ దాచిన దిండు

ఆదివారం పొద్దున వర్నెల్ చర్చి మానేసి కోడిముక్కలు వేయిస్తోందంటే ఆ ఇంట్లో ఏదో పెద్ద వ్యవహారమే నడుస్తోందని అర్థం. ఓ పొయ్యి మీద పందిమాంసం ముక్క వేసిన ఆకుకూర ఉడుకుతోంది. ఓవెన్లో మొక్కజొన్న రొట్టె పొంగుతోంది. మధ్యాహ్నం భోజనానికి తమ్ముడు మెర్విన్ వస్తున్నాడు. అయితే ఆమె హడావుడంతా తమ్ముడి ఆకలి కోసం కాదు, అతను చెప్పబోయే మాట కోసం.

మెర్విన్ ఒక పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఉద్యోగి. కాలేజీ మైదానాలన్నీ తిరిగి, ఏ కుర్రాడు డబ్బిచ్చి ఆడించే పెద్ద ఆటకు పనికొస్తాడో తేల్చడం అతని పని. వర్నెల్ కొడుకు టాడ్రిక్ కాలేజీ జట్టులో రన్నింగ్ బ్యాక్. బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడే హెల్మెట్ల మధ్య నుంచి దూసుకుపోవడం వాడి విద్య. మిసిసిపీలోని ఆ చిన్న ఊళ్ళో మంగలి షాపు అద్దం పక్కన కూడా వాడి ఫొటోనే. కాలేజీలో ఇంకో ఏడాది ఆట మిగిలి ఉంది. దాన్ని వదులుకుని ఇప్పుడే పెద్ద జట్ల ఎంపికకు పేరివ్వాలా వద్దా అన్నది సోమవారంలోగా తేలాలి. పేరిచ్చాక ఎవరూ తీసుకోకపోతే మళ్ళీ కాలేజీ జట్టులోకి రానివ్వరు.

వర్నెల్ భర్త ఆల్టన్ ఊరి హైస్కూల్ జట్టుకు కోచ్. అతని దృష్టిలో ఇందులో తేలాల్సిందేమీ లేదు. కొడుకు పేరివ్వాలి, అంతే. బావమరిది వచ్చి ఔనని తలూపి, కడుపునిండా తిని వెళ్తే సరిపోతుంది.

మెర్విన్ తిన్నాడు గానీ తల ఊపలేదు. మేనల్లుడి గురించి తమ జట్టుకు నివేదిక రాసేది వేరే మనిషనీ, తాను చెప్పేది మేనమామ మాటగా తీసుకోమనీ ముందే అన్నాడు. వాడి కాళ్ళను మెచ్చుకున్నాడు. సందు కనిపెట్టే చూపును ఇంకా మెచ్చుకున్నాడు. వర్నెల్ మొహం వెలిగింది. అప్పుడతను పళ్ళెం పక్కకు జరిపాడు.

"అక్కా, వీడు పరిగెడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ అసలు గండం వచ్చినప్పుడు వీడు మైదానంలో ఉండడు. బెంచీ మీద ఉంటాడు."

బంతి విసిరేవాడి మీదకు కొండంత మనిషి ఉరికి వస్తున్నప్పుడు, అడ్డంగా నిలబడి ఆ దెబ్బ కాయాల్సింది రన్నింగ్ బ్యాకే. టాడ్రిక్ అప్పుడు తల దించేసి కళ్ళు మూసుకుంటాడు. అందుకే కాలేజీ కోచ్ ఆ సమయానికి వాణ్ణి బయటికి పిలుస్తాడు. ఇప్పుడే వెళ్తే ఆఖర్లో ఏదో జట్టు తీసుకుంటే తీసుకోవచ్చుననీ, ఆటలు మొదలయ్యేలోపే ఇంటికి పంపేస్తుందనీ మెర్విన్ చల్లగా చెప్పాడు.

"అడ్డుకోవడం ఎవడైనా నేర్చుకుంటాడు. పరుగే ఎవడూ నేర్పలేడు," అన్నాడు ఆల్టన్.

"మరి నువ్వెందుకు నేర్పలేదు బావా? వీడి పుట్టినరోజుకి నేనో ప్రాక్టీసు దిండు తెచ్చాను, ఒకరు చేతికి తగిలించుకుని నిలబడితే గుద్ది అడ్డుకోవడం నేర్చుకుంటాడని. అదేమైంది?"

ఆల్టన్ ఫోర్కు కింద పెట్టాడు. తన బల్ల దగ్గర కూర్చుని, తన ఉప్పు తిని, తన కొడుక్కే వంకలు పెట్టేవాడు తనకు చుట్టమే కాదన్నాడు. గుమ్మం చూపించాడు. వర్నెల్ తమ్ముణ్ణి ఆపబోయింది కానీ అతను అప్పటికే టోపీ అందుకున్నాడు.

"మామయ్య చెప్పింది నిజమే నాన్నా," అన్నాడు టాడ్రిక్.

వాడు ఆ ఇంట్లో తండ్రిని కోచ్ అనే పిలుస్తాడు. ఆ పిలుపు మారేసరికి ముగ్గురూ వాడి వైపు చూశారు.

"స్కూల్లో అందరూ దిండుని గుద్దుతుంటే నన్ను మాత్రం మీరు పక్కన నిలబెట్టేవారు. కొత్త అల్లుడుగారు వచ్చారు, కుర్చీ వేయండ్రా అని తోటి కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ చేస్తానని ఎన్నిసార్లో అడిగాను. మీరు వద్దన్నారు. ఇప్పుడు ఎదురుగా మనిషి వస్తుంటే నాకు భయమేస్తుంది."

ఆల్టన్ ఎడమచేత్తో తన కుడిభుజం పట్టుకున్నాడు. అతని కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. కాలేజీ రోజుల్లో, సరిగ్గా అలాంటి దిండు మీదే ఆ భుజం చితికిపోయింది. పై అరలోని గిన్నెలు ఇప్పటికీ వర్నెలే తీసిస్తుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

"నీ చెయ్యి కూడా ఇలా అయిపోతుందేమోనని భయపడ్డాన్రా," అన్నాడు చివరికి. "నిన్ను దాచుకుందామనుకున్నాను."

లేచి పెరట్లోని షెడ్డులోకి వెళ్ళాడు. గడ్డికోసే యంత్రం వెనక నుంచి దుమ్ము కొట్టుకున్న దిండు తీసుకొచ్చి ఎడమ చేతికి తగిలించుకున్నాడు. రమ్మని తలతో సైగ చేశాడు.

టాడ్రిక్ పొద్దున చర్చికి వేసుకెళ్ళిన చొక్కాలోనే పరిగెత్తుకొచ్చాడు. దగ్గరికి వచ్చేసరికి వేగం చచ్చిపోయింది. దిండు మీద ఊరికే చేతులు ఆనించాడు.

"ఎందుకాగావు?"

"మీ భుజం."

ఆల్టన్ తల తిప్పేసుకున్నాడు. కళ్ళు నిండిపోయాయి. ఇన్నేళ్ళూ తాను చేసింది కూడా ఇదేనని అతనికి ఆ క్షణాన తెలిసింది.

ఈలోపు కారు దగ్గరికి వెళ్ళిన మెర్విన్ వెళ్ళిపోలేదు. టోపీని కారు మీద పెట్టి వచ్చి, బావ వెనక నిలబడి, రెండు చేతులూ అతని వీపుకు ఆనించాడు.

"నేను పట్టుకుంటాను. ఇప్పుడు రారా అల్లుడూ."

ఈసారి టాడ్రిక్ ఆగలేదు. ముగ్గురూ చలికి ఎండిన గడ్డిలో ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు. అన్నిటికన్నా కింద ఉన్న మెర్విన్ ఆయాసపడుతూ, "కళ్ళు తెరుచుకునే వచ్చాడు బావా, నేను చూశాను," అన్నాడు.

వెనక గుమ్మంలో వర్నెల్ దెబ్బలకు అద్దే మంచుముక్కల సంచీతో నిలబడి ఉంది. ఏడుస్తున్నానని ఆమెకే తెలియలేదు.

ఇంకో ఏడాది కాలేజీలోనే ఆడతానని రేపు కాలేజీ కోచ్‌కి ఫోన్ చేసి చెప్పేస్తానన్నాడు టాడ్రిక్, ముందుగా లేచి. ఆల్టన్ లేపమని చెయ్యి చాచాడు. అలవాటు కొద్దీ కుడిచెయ్యే చాచాడు. అది భుజం దాకానే లేచింది. టాడ్రిక్ వంగి దాన్ని అందుకున్నాడు.