ఊపిరాడని బండి

కొల్లేరు గట్టు మీద, మోటార్‌సైకిల్ పక్కన బోర్లా పడి ఉన్న శవం జనార్దనరావుదని తెలిసిన క్షణంలో ఏజెంట్ శ్రీనాథ్ చేతిలోని ఫోను జారి బురదలో పడింది.

బురదలోంచే చీఫ్ అచ్యుతరావు గొంతు వినిపిస్తోంది.

“శ్రీనాథ్! రిపోర్ట్!”

శ్రీనాథ్ ఫోను తీసి చొక్కాకి తుడిచాడు.

“మాస్టారు లేరు సార్. వెనక నుంచి ఒకటే బుల్లెట్. పిస్టల్, ఫోను ఒంటి మీదే ఉన్నాయి.”

డిపార్ట్‌మెంట్‌లో జనార్దనరావుని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. పాతికేళ్లుగా కుర్ర ఏజెంట్లకి శిక్షణ ఇచ్చిన మనిషి. అందరికీ మాస్టారే.

“ఉషశ్రీ పొద్దున్నే మెసేజ్ పెట్టింది,” అన్నాడు అచ్యుతరావు. “సమాచారం ఇచ్చేశాను, మాస్టారు బయల్దేరారు అని. ఆ తర్వాత ఫోను స్విచాఫ్.”

ఆపరేషన్ గూడబాతు. మన తీరంలోని రాడార్ల సంకేతాలను విప్పే డీకోడర్ చిప్ ఒకటి విదేశీ ముఠా చేతికి చిక్కింది. ఈరోజే అది చేతులు మారి దేశం దాటబోతోంది. దాటితే ఈ తీరం మొత్తం గుడ్డిదే. చిప్ ఎక్కడ, ఎవరి చేతికి వెళుతుందో ముఠాలో మన తరఫున ఉన్న డబుల్ ఏజెంట్ ఉషశ్రీ కనిపెట్టింది. తెల్లారేసరికి ఈ చెరువు గట్టు మీది కాపలా పాకలో మాస్టారిని కలిసి ఆ వివరం చెప్పాలి. మాస్టారు బండి మీద ఏలూరు వచ్చి చీఫ్‌కి చెప్పాలి. ఫోన్లని ఆయన నమ్మరు. పొద్దెక్కినా ఆయన రాకపోయేసరికి చీఫ్ శ్రీనాథ్‌ని వెతకమని పంపాడు.

ఇప్పుడు ఆ వివరం మాస్టారితోనే పోయింది.

శ్రీనాథ్ శవం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. బుల్లెట్ దెబ్బ చూశాడు. కుడి మోకాలి కింద చూశాడు. ప్యాంటు చిరిగి, చర్మం గీరుకుపోయి ఉంది. కిక్ రాడ్డు వెనక్కి తన్నిన దెబ్బలు. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు నల్లగా ఉంది.

చెరువు కాపలాదారు ఏలీయా తలపాగా విప్పి చేతుల్లో నలుపుకుంటూ దగ్గరికొచ్చాడు.

“పొద్దున్నించీ కిక్కు కొడతానే ఉన్నారండీ. నేను అవతలి గట్టు మీద కొంగల్ని తోలుతున్నానండీ. ఢామ్మన్న చప్పుడు ఇన్నాను గానీ, పక్క చెరువోళ్లు పిట్టలకి టపాకాయ పేల్చారనుకున్నానండీ.” “నేనొచ్చి ఓ తోపు తోసుంటే బండి స్టార్టయ్యేదేమోనండీ. ఎల్లిపోయేవారేమోనండీ.”

శ్రీనాథ్ బండి వైపే చూస్తున్నాడు.

మాస్టారి బండి ఆగదు. ముప్పై ఏళ్ల పాతది. మొండి మంచుకైనా, ముసురు వానకైనా రెండో కిక్కు అడిగి ఎరగదు. పెళ్లాం లేని మనిషికి అదే సంసారమని డిపార్ట్‌మెంట్‌లో వేళాకోళం. అలాంటి బండి ఇవాళే ఎందుకు మొరాయించింది?

“లోకల్ పోలీసులు వచ్చేలోగా అక్కణ్నుంచి బయటపడు,” అన్నాడు అచ్యుతరావు. “బండి సంగతి తర్వాత చూద్దాం.”

“సార్, ఆయన్ని చంపింది బుల్లెట్టే. కానీ ఆపింది బండి. బండిని ఆపిందెవరో తెలిస్తే మిగతాది తెలుస్తుంది. నాకు కొంచెం టైమివ్వండి.”

ఫోను జేబులో పెట్టుకున్నాడు. మాస్టారి గొంతు చెవిలో మోగింది. ‘బండి స్టార్ట్ కాకపోతే దాన్ని తిట్టకురా. మూడే చూడు. పెట్రోలు, నిప్పు, గాలి.’

ట్యాంకు మూత తీసి ఊపాడు. నిండుగా ఉంది. ట్యాప్ ఆన్‌లోనే ఉంది. కార్బురేటర్ కింది స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ధారగా కారింది. పెట్రోలు సరే.

ప్లగ్ విప్పాడు. తడిసి ముద్దయి ఉంది. తుడిచి, క్యాప్‌కి తగిలించి, ఇంజన్‌కి ఆనించి కిక్ కొట్టాడు. నీలం రవ్వ టప్పున ఎగిరింది. నిప్పు సరే.

ఎయిర్ ఫిల్టర్ విప్పాడు. ఉతికి ఆరేసినంత శుభ్రంగా ఉంది. గాలీ సరే.

మరి?

‘లోపలికి వచ్చే గాలిని అందరూ చూస్తారురా. బయటికి పోయే గాలిని ఎవడూ చూడడు. మన ఉద్యోగంలోనూ అంతే.’

ప్లగ్ బిగించాడు. ఏలీయాని కిక్ కొట్టమని, తను వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టాడు. కొట్టినప్పుడల్లా చేతికి ఊపిరి తగలాలి.

తగల్లేదు. పక్కన పడి ఉన్న మనిషికి లేనట్టే బండికీ ఊపిరి లేదు.

ఏలీయా పాకలోంచి ఇనప కొక్కెం తెచ్చాడు. శ్రీనాథ్ దాన్ని సైలెన్సర్‌లోకి దూర్చి గుచ్చి, తిప్పి, బలమంతా పెట్టి లాగాడు. పసుపుపచ్చ గుడ్డ ఒకటి ఉండలా బయటికొచ్చింది. మాస్టారు బండి తుడుచుకునే గుడ్డే.

“అదేంటండీ!” అన్నాడు ఏలీయా. “రోడ్డు మునిగినప్పుడు నీళ్లు దూరకుండా మేమూ గుడ్డ కుక్కి బండి తోసుకెళతామండీ. కానీ తోక బయటికి వదుల్తామండీ. గట్టెక్కాక లాగి పారెయ్యాలి కదండీ. ఇలా తోక లేకుండా కుక్కింది మా లంకలోడు కాదండీ.”

శ్రీనాథ్ ఆ మాట వినడం లేదు. గుడ్డకి వేసిన ముడిని చూస్తున్నాడు. రెండు మెలికలు తిప్పి, కొసని మళ్లీ లోపలికి దూర్చిన ముడి. వరదలో రోడ్డు మునిగిన ఏడాది ఇద్దరు ట్రైనీలని నడుంలోతు నీళ్లలో నిలబెట్టి మాస్టారు నేర్పిన ముడి. నీళ్ల తోపుకి జారిపోకుండా ఆయన సొంతంగా కనిపెట్టుకున్నది. అది వెయ్యడం ముగ్గురికే తెలుసు. ఒకరు ఇక్కడ పడి ఉన్నారు. ఒకరు శ్రీనాథ్.

మూడోది ఉషశ్రీ.

శవం దగ్గరికెళ్లి నల్లబడిన చూపుడువేలు మళ్లీ చూశాడు. అది గ్రీజు కాదు, మసి. సైలెన్సర్ లోపలి మసి.

“ఏలీయా,” అన్నాడు నెమ్మదిగా. “నువ్వు తోసినా ఇది స్టార్టయ్యేది కాదు. ఆ బెంగ పెట్టుకోకు.”

ఏలీయా కళ్లొత్తుకుని తల ఊపాడు.

శ్రీనాథ్ ఫోను తీశాడు. “సార్, ఉష రిస్ట్‌వాచీలో మాస్టారు ట్రాన్స్‌మిటర్ పెట్టారు. అదెక్కడుందో చూడండి.”

“ఆమె మన మనిషి శ్రీనాథ్!”

“చూడండి సార్.”

కొద్దిసేపటికి జవాబొచ్చింది. “తాడేపల్లిగూడెం స్టేషన్. కాదు, కదులుతోంది. ఏలూరు వైపు ప్యాసింజర్ ఎక్కింది. మధ్యలో భీమడోలులో ఆగుతుంది.”

శ్రీనాథ్ ఏలీయా లుంగీ, చొక్కా, చేపల బుట్ట అడిగి తీసుకున్నాడు. తన రుమాలు మాస్టారి ముఖం మీద కప్పాడు. బండి ఎక్కి కిక్ కొట్టాడు.

ఒక్క కిక్కుకే స్టార్టయింది. ఆ చప్పుడుకి అతనికి ఏడుపొచ్చింది.

భీమడోలులో ప్యాసింజర్ కదిలిపోతుండగా ఎక్కాడు. చేపల బుట్ట నెత్తిన ఉన్నవాడి ముఖం రైల్లో ఎవరూ చూడరు. అందరూ ముక్కు మూసుకుని తల తిప్పుకుంటారు.

రెండో పెట్టెలో ఉషశ్రీ కిటికీ పక్కన కూర్చుని ఉంది. నెమలిరంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. పెళ్లికి వెళ్తున్న షావుకారింటి కోడలిలా ఉంది. ఎదురు సీట్లో ఖరీదైన సూట్‌కేసుతో ఒక పెద్దమనిషి. ఫైల్ ఫొటోలో చూసిన ముఖమే. రొయ్యల ఎగుమతిదారు వేషంలో ఉన్న ముఠా కొరియర్, హేమంత్‌కుమార్.

ఏలూరు శివార్లు కనిపిస్తుండగా అతను అడిగాడు. “ఏవండీ, కొల్లేట్లో నీళ్లు తగ్గాయాండీ?”

“గూళ్లు కట్టేవరకు తగ్గవండీ,” అంది ఉషశ్రీ.

పర్సులోంచి తీస్తున్నట్టే తీసి లిప్‌స్టిక్ జారవిడిచింది. అది దొర్లింది. హేమంత్‌కుమార్ వంగి తీసుకుని, తిరిగివ్వకుండా జేబులో వేసుకుని తలుపు వైపు నడిచాడు. రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. ఇంకో నిమిషంలో జనంలో కలిసిపోతాడు.

తలుపు దగ్గర చేపల బుట్ట అడ్డొచ్చింది.

“తప్పుకోవయ్యా, కంపు!” అంటూ అతను రుమాలుతో ముక్కు మూసుకుని ముఖం తిప్పుకున్నాడు. ఆ ఒక్క క్షణం చాలు. శ్రీనాథ్ అతని మణికట్టుని తలుపు కమ్మీకి కలిపి బేడీ వేసేశాడు. రెండో చెయ్యి కోటులోకి వెళ్లబోయింది. బుట్ట ముఖాన బోర్లించాడు. పెట్టెనిండా కొర్రమేనులు ఎగిరిపడ్డాయి. రైలు ఆగింది. అచ్యుతరావు మనుషులు లోపలికి దూసుకొచ్చారు. లిప్‌స్టిక్ గొట్టం అడుగున, గోరంత చిప్ మెరిసింది.

జనం దిగిపోయారు. ఉషశ్రీ కదల్లేదు.

శ్రీనాథ్ ఎదురుగా కూర్చుని, పసుపుపచ్చ గుడ్డ ఆమె పక్కన పెట్టాడు. ముడి విప్పలేదు.

ఆమె నవ్వింది. “ఏమిటిది? చేపలు తుడిచిన గుడ్డా?”

“మాస్టారి చూపుడువేలికి మసి ఉంది ఉషా.”

నవ్వు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసింది. వాటి వెనక కళ్లు ఎప్పటినుంచో ఏడ్చినవే.

“అంటే ముడి తగిలిందా ఆయనకి?”

“తగిలింది. వేలికి అందింది గానీ పట్టుకి అందలేదు. ఫోను జేబులోనే ఉంది. ఎవరికీ చెయ్యలేదు. నీ పేరు చెప్పలేదు.”

ఉషశ్రీ గుడ్డని ఒళ్లోకి తీసుకుంది.

“నేనే కుక్కాను శ్రీనాథ్. ఆయన పాకలో నాకు టీ కాస్తుంటే వెళ్లి కుక్కొచ్చాను. వాళ్లు నన్ను అనుమానించారు. నిన్న మాస్టారు ఏ దారిన వెళతారో చెప్పమని నా తలకి తుపాకీ పెట్టారు. చెప్పేశాను. ఏలూరు దారిలో వంతెన దగ్గర కాపు కాస్తామన్నారు. సరే, దారి వాళ్లకిచ్చాను, బండి ఆయనకి లేకుండా చేశాను. ఇద్దర్నీ మోసం చేశాననుకున్నాను. అది ఆయన నేర్పిన విద్యే కదా. ఆయనకి చెప్పేద్దామనుకున్నాను, నోరు రాలేదు. చెబితే నన్ను ఎలా చూస్తారో అని. బండి స్టార్ట్ కాకపోతే ఎవరైనా ఏం చేస్తారు? తిట్టుకుని, వదిలేసి, నడిచి ఇంటికి పోతారు. మాస్టారు వదలరని, కిక్ కొడుతూనే ఉంటారని నాకు తట్టలేదు. నీళ్ల మీద ఆ చప్పుడు వంతెన దాకా వినబడిందట. వాళ్లే వెతుక్కుంటూ వెళ్లారట. ఆ తర్వాత నాకు ఎదురు తిరిగే ధైర్యం లేదు. చిప్ తెమ్మన్నారు, తెచ్చాను. రిపోర్టులో అంతా రాయి, ఏదీ దాచకు. ఒక్కటి మాత్రం కలుపు. ముడి ఆయన నేర్పినట్టే వేశాను. ఎంత లాగినా ఊడలేదు.”