మొసళ్ళ మడుగులో తేలే మంచె

"మొసలి మనిషిని చంపితే, అతని బైనాక్యులర్స్‌ని కేసులో పెట్టి, జిప్ వేసి ఒడ్డున ఉంచదు," అన్నాడు గూఢచారి శాఖ పెద్దాయన.

ఆ కేసు టేబుల్ మీదే ఉంది. పక్కన టూరిస్ట్ కంపెనీ పంపిన రిపోర్టు. పక్షుల్ని చూడ్డానికొచ్చిన యాత్రికుడు కాలుజారి నదిలో పడ్డాడనీ, మొసళ్ళు లాక్కెళ్ళాయనీ, ప్రగాఢ సంతాపమనీ రెండు పేరాల్లో తేల్చేశారు.

పిన్ని ఆ కేసుని ముట్టుకోలేదు. చనిపోయినవాడు ఆమె చేతికిందే ట్రైనింగ్ అయ్యాడు. డిపార్ట్‌మెంటంతా ఆమెని పిన్ని అని పిలవడానికి కారణం కూడా అతనే. మొదటిరోజు కంగారులో 'మేడమ్' అనబోయి 'పిన్నీ' అన్నాడు. అదే చివరికి ఫైళ్ళలో కోడ్‌నేమ్ అయి కూర్చుంది. యాభై రెండేళ్ళ వయసు, మోకాళ్ళ నొప్పి, చూడగానే పక్కింటి ఆవిడ గుర్తొచ్చే ముఖం. గూఢచారికి అంతకన్నా మంచి మేకప్ ఏ డబ్బాలోనూ దొరకదు.

పెద్దాయన మ్యాప్ పరిచి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. నదికి ఎగువన డ్యామ్. దాని గేట్లు రేడియో సిగ్నల్‌తో లేస్తాయి. ఆ సిగ్నల్ కోడ్ ఒక విదేశీ ముఠా చేతిలో పడింది. శనివారం మధ్యాహ్నం పన్నెండుకి దిగువ రేవులో, పడవ మీద కూర్చుని, రెండు దేశాల మంత్రులూ ఇంజనీర్లూ నీళ్ళ పంపకం ఒప్పందం మీద సంతకాలు పెడతారు. ఒడ్డున జనం వేలల్లో ఉంటారు. సరిగ్గా అప్పుడు గేట్లు లేస్తే ఒక్కరూ మిగలరు. ఆ తర్వాత రెండు దేశాలూ నువ్వంటే నువ్వని కొట్టుకుంటాయి. ఆ మంటలో మూడో దేశం చలి కాచుకుంటుంది.

సంతకాలు వాయిదా వేస్తే సరిపోదా అని పిన్ని అడిగింది. పదకొండేళ్ళ బేరసారాల తర్వాత కుదిరిన ముహూర్తమనీ, ఒక్కరోజు వెనక్కి జరిగినా ఒప్పందం గంగలో కలిసినట్టేననీ పెద్దాయన చెప్పాడు. కోడ్ మార్చినా లాభం లేదట. డ్యామ్ ఆఫీసులో దాన్ని బయటపెట్టిన ఇంటిదొంగ ఎవడో ఇంకా తెలియలేదు. కొత్త కోడ్ కూడా గంటలో ముఠాకి చేరుతుంది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. సిగ్నల్ రేంజ్ ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లలోనూ చిత్తడి అడవి. మనిషి నాలుగ్గంటలు కూర్చోగలిగిన చోటు టూరిస్ట్ కంపెనీ మడుగులో కట్టిన తేలే మంచె ఒక్కటే. ఎనిమిదికి పడవ టూరిస్టుల్ని దింపి వెళ్ళిపోతుంది. ఒంటిగంటకి మళ్ళీ వస్తుంది. శనివారానికి ముగ్గురు బుక్ చేసుకున్నారు: ఒక పళ్ళ డాక్టరు, ఒక లేడీ ఫోటోగ్రాఫర్, పక్షుల పిచ్చి ఉన్న రిటైర్డ్ టీచర్. ఆ టీచర్ పిన్నే.

"ఫోటోగ్రాఫర్ మన కాంటాక్ట్," అన్నాడు పెద్దాయన.

"మన మనిషేనా?"

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. రెండు పడవల మీద కాళ్ళు. ఏది మునగదో చూసుకుని అందులో కూర్చుంటుంది."

లాబ్ వాళ్ళు పిన్నికి ఒక ఫ్లాస్కు ఇచ్చారు. పైన కాఫీ, అడుగున సిగ్నల్ జామర్. బ్యాటరీ తొమ్మిది నిమిషాలే వస్తుంది కాబట్టి ముందు మనిషిని కనిపెట్టి, తర్వాత మూత తిప్పాలి. నాలుగు రోజులు ఆమె పక్షుల కూతల రికార్డింగులు విని, చెవులు హోరెత్తాక శనివారం పొద్దున్నే పడవెక్కింది.

మంచె అంటే ఖాళీ డ్రమ్ముల మీద తేలే చెక్క గది. పన్నెండడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు. పైన రేకు. కళ్ళ ఎత్తులో అరచేయంత సందులు. సెల్ మోగితే జంతువులు బెదురుతాయని కంపెనీ గైడు పడవలోనే అందరి ఫోన్లూ రేకు డబ్బాలో వేయించి పడవవాడికి అప్పజెప్పాడు. పడవ మలుపు తిరిగాక, నడిచొచ్చిన పలకని లోపలికి లాగి, తలుపు గొళ్ళెం పెట్టాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ఎవరూ బయటికి కాలు పెట్టొద్దని బతిమాలినట్టు చెప్పాడు.

సందులోంచి చూస్తే ఎందుకో తెలిసింది. గట్టున బురదలో మొసళ్ళు. పిన్ని తొమ్మిది లెక్కపెట్టి ఆపేసింది. వాటికి పదిగజాల్లో రెండు నీటికుక్కలు వెల్లకిలా తేలుతూ చేపని మొక్కజొన్న పొత్తులా పట్టుకుని కొరుక్కుంటున్నాయి. లకుముకి పిట్ట ఒకటి నీలంగా మెరిసి నీళ్ళలో దూకింది. ఇవన్నీ వాడూ చూసే ఉంటాడు, ఇదే బల్ల మీద కూర్చుని, అనుకుంది.

ఫోటోగ్రాఫర్ పక్కకొచ్చి కూర్చుంది. ముప్పై ఐదు దాటని అందగత్తె. మెడకి సిల్కు స్కార్ఫు, చేతులకి గ్లౌజులు, మూరెడు లెన్సు. ఆ ఉక్కలో కూడా పెదాల రంగు చెదరలేదు.

"నీటికుక్కలు ఈ నెలలో పిల్లల్ని పెడతాయంటారా?" అంది పిన్ని.

"నది నిండుగా ఉంటే పెడతాయి."

గుర్తు మాటలు సరిపోయాయి. ఆమె కెమెరాలో చూస్తూనే, పెదాలు కదిలీ కదలకుండా, ముఠా మనిషి డాక్టరేననీ, రేడియో మందుల బ్యాగులో ఉందనీ చెప్పింది.

పిన్ని గంటసేపు డాక్టరు మీద పడింది. పంటి నొప్పి నటించింది. పాపం ఆయన సంబరపడి బ్యాగంతా తెరిచి చూపించాడు. లవంగ నూనె, చిన్న అద్దం, దూది, జలగలు పట్టుకుంటే చల్లడానికి రెండు కిలోల ఉప్పు. జలగలంటే ఆయనకి ఎంత భయమంటే మాటిమాటికీ మేజోళ్ళు విప్పి చూసుకుంటున్నాడు. ఇతను ముఠా మనిషైతే ఆ ముఠాకి దిష్టి తీయాల్సిందే అనుకుంది పిన్ని.

ఆమె వెనక్కి తిరిగేసరికి ఫ్లాస్కు బల్ల మీద లేదు. ఫోటోగ్రాఫర్ దాన్ని పట్టుకుని వెనకవైపు చిన్న తలుపు దగ్గర గాలికి నిలబడి ఉంది. కాఫీ ఒంపుకోబోతున్నట్టు మూత మీద చెయ్యి వేసింది. ఫ్లాస్కు జారి నీళ్ళలో పడింది.

"అయ్యో, చెయ్యి తడిగా ఉంది," అంది.

ఆ చెయ్యి గ్లౌజులో పొడిగా ఉంది. పిన్ని ఫరవాలేదమ్మా అంది. వాచీ చూసుకుంది. టైము పది నలభై. ఫోన్ లేదు, జామర్ లేదు, పడవ లేదు. చుట్టూ మొసళ్ళు. ముగ్గురిలో ఒకరు ఖాయంగా శత్రువు. మరొకరెవరు?

ఆ తలుపులోంచే ఆమెకి ఇంకొకటి కనిపించింది. మంచె అడుగున, ఆకులు కప్పి కట్టేసిన దొప్పలాంటి చిన్న పడవ. ఒక్కరు పట్టేంత.

అప్పుడే గైడు తన పెట్టె మీట నొక్కాడు. పక్షుల కూతలు వినిపించి పక్షుల్ని రప్పించే పెట్టె అది. పొద్దుటినుంచీ పావుగంటకోసారి మోగిస్తున్నాడు. ఈసారి పిన్ని చెవి ఒగ్గి వింది. గుడ్లగూబ. పట్టపగలు గుడ్లగూబని పిలిచే గైడుని ఆమె ఎక్కడా చూడలేదు. పెట్టె నుంచి ఒక నల్లటి వైరు ఆమె కూర్చునే బల్ల వెనకగా గోడెక్కి రేకు మీదికి పోతోంది. బయటి స్పీకరుకి అని చెప్పాడు. బయట మాత్రం ఏ స్పీకరూ పలకడం లేదు. కూత పెట్టెలోంచే వస్తోంది. అంటే ఆ వైరు యాంటెన్నా. ఆ కూతలు కనెక్షన్ టెస్టింగులు.

పెట్టె వైపు అడుగు వేసిందో లేదో, నడుముకి పిస్టల్ తగిలింది.

"కూర్చోండి పిన్నిగారూ. చేతులు వెనక్కి పెట్టుకోండి," అంది ఫోటోగ్రాఫర్.

గైడు మర్యాద మానేశాడు. పిన్ని సంచీ లాక్కుని బయటికి విసిరాడు. డాక్టరుని వెనక తలుపు దగ్గర నేల మీద కూలేశాడు. పదకొండున్నర అయింది. రేకు మీద వాన మొదలైంది. మామూలు వాన కాదు. ఆ అడవుల్లో పడే కుండపోత. పక్కవాళ్ళ మాట కూడా వినబడని హోరు.

పిన్ని గోడకి ఆనుకుని కూర్చుంది. వీపు వెనక ఆ వైరు తగులుతోంది. ప్యాంటు వెనక జేబులో తాళాల గుత్తి, దానికి ఒక నెయిల్ కట్టర్. లాబ్ వాళ్ళిచ్చింది కాదు, బజారుది. దాన్ని వేళ్ళ మధ్యకి తెచ్చుకునేసరికి పది నిమిషాలు పట్టింది. పైన ప్లాస్టిక్కు, లోపల రాగి పోగులు. ఒక్కో పోగూ తెగినప్పుడు టక్ మంటోంది. వాన ఆ చప్పుడుని మింగేస్తోంది. ఒకటి. రెండు. వేళ్ళకి చెమట. మూడు. కట్టర్ జారి, మళ్ళీ దొరికింది. నాలుగు.

పన్నెండుకి ఆరు నిమిషాలుందనగా వాన గప్పున ఆగిపోయింది.

నీటిబొట్టు రాలినా వినబడే నిశ్శబ్దం. ఇంకా మూడు పోగులున్నాయి. ఇక మాట్లాడడం తప్ప దారి లేదు. పిన్ని గొంతు పెంచింది.

"అమ్మాయీ, గేట్లు లేస్తే ముందు కొట్టుకుపోయేది ఈ మంచే. ఆ సంగతి నీకు చెప్పాడా?" టక్.

స్పీడ్‌బోట్ వస్తుందని ఫోటోగ్రాఫర్ అంది.

"ఎవరు చెప్పారు, ఇతనేనా? మరి మంచె కింద ఆకులు కప్పి ఒక దొప్ప కట్టుకున్నాడు. ఒక్కడికే చోటుంది. అది ఎవరికోసమో అడుగు." టక్.

గైడు నోరు ముయ్యమని అరిచాడు. కానీ పిస్టల్ పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం వంగింది. డాక్టరు తన కాలి దగ్గర గుమ్మానికి దొప్పని కట్టిన తాడు వంక చూశాడు.

గైడు వాచీ చూసుకుంటూ పెట్టె మీద వేలు పెట్టాడు. చివరి పోగు కట్టర్‌కి అందడం లేదు. పిన్ని మణికట్టు మెలితిప్పి, వేలు కోసుకుపోతున్నా నొక్కింది. టక్. అదే క్షణంలో గైడు మీట నొక్కాడు.

పెట్టె మీది ఎర్ర దీపం పచ్చగా మారలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. చివరికి వైరు పట్టి లాగాడు. తెగిన కొస అతని చేతిలోకొచ్చింది.

"కాల్చు దాన్ని," అన్నాడు.

"దొప్పలో ఎంతమందికి చోటుంది?" అని ఫోటోగ్రాఫర్ అడిగింది.

అతను వెనక తలుపుకి పరిగెత్తాడు. అక్కడ తాడూ లేదు, దొప్పా లేదు. పళ్ళ చిగుళ్ళకి కుట్లు వేసే వేళ్ళు డాక్టరువి. ముడి విప్పడం వాటికొక లెక్కా. దొప్ప పాతికగజాల అవతల తాపీగా తిరుగుతోంది. గట్టు మీంచి రెండు మొసళ్ళు నీళ్ళలోకి జారాయి. గైడు గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు. అందరితోపాటు అతనూ చిక్కుకున్నాడు.

ఫోటోగ్రాఫర్ పిస్టల్ తెచ్చి పిన్ని ఒళ్ళో పెట్టింది. నేను మొదట్నుంచీ మీ మనిషినే, రిపోర్టులో అలా రాయండి అంది.

పిన్ని రక్తం కారుతున్న వేలితోనే దాన్ని పట్టుకుంది.

"మావాణ్ణి వీళ్ళకి చూపించింది నువ్వేనా?"

ఆమె స్కార్ఫు సర్దుకుంది. "చంపుతారని నాకు తెలీదు."

"తెలుసుకోవాలనుకోలేదు," అంది పిన్ని.

డాక్టరు ఇద్దరి చేతులూ బైనాక్యులర్స్ బెల్టులతో కట్టాడు. తర్వాత పిన్ని వేలికి దూది చుట్టాడు. ఇంకో గంట నలుగురూ ఆ ఇరుకు గదిలో ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ కూర్చున్నారు. ఒంటిగంటకి దిగువనుంచి పడవ వచ్చింది. రేవులో సంతకాలైపోయి అందరూ భోజనాలకి కూర్చున్నారని పడవవాడు కబురు చెప్పాడు. డ్యామ్ ఆఫీసులో ఇంటిదొంగ ఎవరో సాయంత్రంలోగా గైడే చెప్తాడు. ఆ సంగతి అతని ముఖంలోనే తెలిసిపోతోంది.

పడవవాడు కట్లతో ఉన్న గైడుని చూసి నోరెళ్ళబెట్టాడు. అయినా అలవాటు కొద్దీ అందరికీ కంపెనీ అభిప్రాయాల కార్డులు పంచాడు. 'గైడు సేవలు ఎలా ఉన్నాయి?' అన్న గడి దగ్గర పిన్ని కాసేపు ఆలోచించి, కట్టున్న వేలితో ఇలా రాసింది:

"చివరిదాకా మమ్మల్ని విడిచి వెళ్ళలేదు."