సాంచా కూడా కనబడాలి

"ఫొటో తీస్తున్నవా, సిరిసిల్ల విడిచి పోతున్నవా?"

తేజస్విని ఆ మాట అనేసరికి శ్రీశైలం కెమెరా కంటికి ఆనించుకుని, వెనక్కి వెనక్కి నడిచి, షెడ్డు గడప దాటి వీధిలో పడ్డాడు. అటుగా వస్తున్న ఆటోవాడు గట్టిగా హారన్ కొట్టాడు.

"జర ఇంకొంచెం పోతే ఫ్రేమ్‌ల పడతవు."

"ఇంకొంచెం పోతే కోరుట్ల అస్తది."

శ్రీశైలానికి కోరుట్లలో చిన్న స్టూడియో ఉంది. సిరిసిల్లలో ఉండే మేనత్త గౌరవ్వ ఫోన్ చేసి, పక్కింటి లక్ష్మీరాజం బిడ్డ తేజస్వినికి సంబంధాలు చూస్తున్నారని, ముస్తాబాద్ వాళ్లు ఫొటో అడిగారని, వచ్చి ఒకటి తీసిపొమ్మని చెప్పింది. అత్త దగ్గర పేరు నిలబెట్టుకోవాలని అతడు స్నేహితుడు నరేందర్‌ను బతిమాలి ఎయిటీ ఫైవ్ లెన్స్ తెచ్చుకున్నాడు. పోర్ట్రెయిట్‌కు దాన్ని మించింది లేదని యూట్యూబ్‌లో అందరిదీ ఒకటే మాట. కానీ దానితో తీయాలంటే చాలా వెనక్కి జరగాలి, వాళ్లంతా పార్కుల్లో తీస్తారు. లక్ష్మీరాజం షెడ్డులో రెండు సాంచాలు, వాటి మధ్య ఒక మనిషి నడిచేంత దారి, అంతే. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు.

ఫొటో ఆ సాంచా ముందే తీయాలని లక్ష్మీరాజం పట్టు. ఆయన తండ్రి బతుకంతా పరాయివాళ్ల సాంచాలు నడిపాడు. ఈ రెండూ సొంతం. తన బిడ్డ పెళ్లి సంబంధానికి పంపే ఫొటోలో సాంచా లేకపోతే అది తన ఇంటి ఫొటోనే కాదని ఆయన లెక్క.

వీధిలోంచి తీసిన ఫొటోను శ్రీశైలం గర్వంగా చూపించాడు. తేజస్విని ముఖం చక్కగా వచ్చింది. వెనకంతా రంగుల పొగ.

"సాంచా ఏది?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఎనకనే ఉన్నది కాకా. బ్లర్ అయింది. గట్లనే ఉండాలె, గదే స్టైల్."

"నడిచే సాంచాను పొగ చేసినవు గదా పిలగా."

తేజస్విని చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక శ్రీశైలం స్టైల్ గురించి చెప్పాల్సినవన్నీ మరిచిపోయాడు.

"నేనే సొంతంగ లెన్స్ కొంట కాకా. కొని మళ్ల అస్త," అని మాత్రం అన్నాడు.

ఏ లెన్స్ కొనాలనేది ఆ సాయంత్రం నుంచి తేజస్వినితో వాట్సాప్‌లో పెద్ద పంచాయితీ అయింది.

"కెమెరాతోని అచ్చిన చిన్న జూమ్ ఉంటది గద," అని ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది. "దాన్ని ఓ రోజు థర్టీ ఫైవ్ మీద, ఓ రోజు ఫిఫ్టీ మీద పెట్టి తియ్యి. యాడ నిలబడితే మంచిగుంటదో నీకే తెలుస్తది. తెలిసినంక కొను."

"థర్టీ ఫైవ్‌తోని అమ్మ ముఖం తీసిన. ముక్కు పెద్దగచ్చిందని నాకు అన్నం పెడతలేదు."

"మీదికి పోయి తీసుంటవు. ఫిఫ్టీ తీస్కో, అగ్గువకు అస్తది, పైసలు మిగులుతయి. మా షెడ్డుల గూడ పడతది."

"గివన్ని నీకెట్ల తెలుసు?"

"ఫొటోల పడే ముక్కు నాది. తెలుసుకోకుంటె ఎట్ల?"

లెన్స్ మాటలు మెల్లగా పక్కదారి పట్టాయి. కోరుట్లలో వాన పడితే సిరిసిల్లకు వీడియో వెళ్లేది. సిరిసిల్లలో కరెంటు పోతే, సాంచాలు ఆగాయి కాబట్టి ఇప్పుడు మాట్లాడొచ్చని కోరుట్లకు మెసేజ్ వచ్చేది. మధ్యమధ్య ఆమె "లెన్స్ అచ్చిందా?" అని అడిగేది. "కొరియర్ల ఉన్నది", "వానకు ఆగింది", "సెలవట" అని అతడు జవాబిచ్చేవాడు.

ఒకరోజు గౌరవ్వ గోడ మీదుగా తన ఫోన్ చాపింది. "మా పిలగాడు కొత్త లెన్స్‌తోని వాళ్ల నాయినను, మా అన్నను ఫొటో తీసి పంపిండు, చూడు బిడ్డా. పెండ్లికొడుకు లెక్కనే ఉన్నడు."

తేజస్విని వెంటనే ఫోన్ కలిపింది.

"లెన్స్ అచ్చిందట గద."

"అచ్చింది," అన్నాడు శ్రీశైలం.

"మరి అబద్ధమెందుకు చెప్పినవు?"

"ఫొటో తీస్తే ముస్తాబాద్ పోతది."

"పోతె?"

"వాళ్లకు నచ్చుతది. లెన్స్ మంచిది."

"లెన్సేనా మంచిది?"

"నువ్వు మంచిగుంటవు. నువ్వంటె నాకు మస్తు ఇష్టం తేజస్వినీ. ముంగటికచ్చి చెప్పాలనుకున్న, ధైర్యం సాలలేదు."

అవతల సాంచాల చప్పుడు దూరమైంది, ఆమె ఫోన్‌తో వాకిట్లోకి నడిచింది.

"బాపు జగిత్యాల నుంచి వేరే ఫొటోగ్రాఫర్‌ను పిలుస్తనంటున్నడు," అంది ఆమె. "ఆయన నవ్వుమంటె నాకు నవ్వు రాదు. రేపు నువ్వే రా. ఇంగో మాట. బాపును కాకా అనుడు బంద్ చెయ్యి. నువ్వట్లంటె నేను నీకు చెల్లెనైత."

మర్నాడు పొద్దున లక్ష్మీరాజం ఫొటో కోసం సాంచాలు ఆపాడు. శ్రీశైలం ఫిఫ్టీ బిగించి, వెనక దారాలు కూడా కనిపించేలా అపర్చర్ తగ్గించుకుని, గడప దగ్గర ఆగాడు.

"ఇంక ఎనకకు పోవా?" అంది తేజస్విని.

"పోను. గీడ సరిపోతది."

ఆమె అతడి వైపు చూసింది. అతడు నొక్కాడు.

లక్ష్మీరాజం కళ్లజోడు పెట్టుకుని కెమెరా వెనక తెరను చాలాసేపు చూశాడు. "సాంచా మంచిగచ్చింది. పోగులు గూడ కనబడుతున్నయి."

శ్రీశైలం ఊపిరి పీల్చుకున్నాడు.

"ఫొటో మాత్రం ముస్తాబాద్ పంపరాదు."

"ఎందుకు కాకా?" నోరు జారాక గుర్తొచ్చింది. వెనక తేజస్విని నుదురు కొట్టుకుంది.

"నా బిడ్డ సూపు సూడు. సాంచా కండ్లవడ్డదో లేదో గని, కెమెరా పట్టుకున్నోడు ఎవడో ఎవలకైన సమజయితది." ఆయన బిడ్డ వైపు తిరిగాడు. "అవునా కాదా?"

తేజస్విని తల వంచుకుంది. "అవును బాపూ," అంది మెల్లగా.

లక్ష్మీరాజం కెమెరా తిరిగిచ్చి, గోడ దగ్గరికి వెళ్లాడు. "గౌరవ్వా, మీ అన్నను ఓసారి రమ్మను. మాట్లాడాలె." వచ్చి శ్రీశైలం ముందు నిలబడ్డాడు. "నువ్వు గా కాకా అనుడు ఇయ్యాల్టినుంచి మానెయ్యి పిలగా. నాకు అక్కెరకు రాదు."

"సరే మామా."

"గిట్ల అను," అంటూ ఆయన స్విచ్ వేశాడు. సాంచాలు ఒక్కసారి మోత పెట్టాయి.

తేజస్విని ఏదో అంది. గడప దగ్గర ఉన్న శ్రీశైలానికి పెదాలు కదలడమే కనిపించింది. లెన్స్‌కు మూత పెట్టి, ఈసారి ముందుకు నడిచి ఆమె పక్కకు వెళ్లాడు.

"ఏమన్నవు?"

"కెమెరా బాపుకియ్యి అంటున్న. గా సాంచా ముంగట ఇద్దరం పడాలె."