చేతులు మారిన రాయి

జనవరి ఒకటి, స్వాతంత్ర్య దినం. హైతీలో ఆ రోజు గుమ్మడికాయ పులుసు కాగని పొయ్యి ఉండదు. ఒకప్పుడు అది ఫ్రెంచి దొరల పులుసు. వండిన బానిసలకు వాసనే దక్కేది. మారిలీస్ ఒక గిన్నెడు నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం కొండెక్కింది. మొగుడు ఓస్నే పైన కోటలో కావలివాడు. పండగపూటా సెలవివ్వలేదు.

"ఇందులో గుమ్మడికాయ వేశావా, చూపించి తీసేశావా?" అన్నాడు ఓస్నే మూత తీస్తూ.

"మీ అమ్మ చెప్పినట్టే చేశానయ్యా. అందుకే అలా ఉంది."

ఓస్నే నవ్వుతూ తాగాడు. మబ్బు పట్టడంతో చూడవచ్చినవాళ్లంతా ముందే దిగిపోయారు. కాసేపటికి పొగమంచు ఫిరంగుల సందుల్లోంచి లోపలికి పాకింది. స్వాతంత్ర్యం వచ్చాక, దొరలు ఓడలెక్కి తిరిగొచ్చి మళ్లీ గొలుసులు వేస్తారన్న భయంతో కట్టిన కోట అది. దొరలు రాలేదు. రాళ్లు మోసినవాళ్లలో చాలామంది కొండ దిగనే లేదని ఊళ్లో చెప్పుకుంటారు.

తడి సున్నం వాసన వేసింది. వెనకే చెమట కంపు. ఎక్కడో బరువైనదేదో గరగరమని జారింది. ఆగింది. మళ్లీ జారింది... ఈసారి దగ్గర్లో.

"లోపల ఎవరన్నా ఉండిపోయారేమో," మారిలీస్ గొంతు తగ్గించింది.

"లేరు. తలుపు నేనే వేశాను."

ఆమె కుడి చెవి పక్కన ఎవరో రొప్పుతున్నారు.

"పట్టు... ఓడలు కనబడుతున్నాయి... పట్టు."

మంచులోంచి రెండు చేతులు వచ్చాయి. వేళ్లకు గోళ్లు లేవు. చేతుల్లో రాయి. ఎదుటి మనిషి బరువు అందిస్తే అందుకోవడం అలవాటైన ఒళ్లు ఆమెది. చేతులు వాటంతటవే లేచాయి.

"పట్టుకోకే!"

ఓస్నే అడ్డం వచ్చాడు. రాయి అతని చేతుల్లో పడింది. మోకాళ్లు వంగాయి. ఎడమకు తిరిగాడు. అక్కడ ఇంకో జత చేతులు... అందుకున్నాయి. కుడివైపు మరో రాయి.

"వదిలెయ్యయ్యా."

"వదిలితే పక్కవాడి కాళ్లమీద పడుద్దే," గొణిగాడు.

ఆమె అతని నడుం పట్టుకుని ఈడ్చింది. కదల్లేదు. ఏడుస్తూ, తిడుతూ ఈడ్చింది. చివరికి ఇద్దరూ మెట్లమీద పడ్డారు. మంచు విడిపోయింది. ఒక్క రాయీ లేదు. అతని అరచేతుల్లో మాత్రం చర్మం లేదు.

ఓస్నే మళ్లీ కోటకు వెళ్లలేదు. పుళ్లు మానాయి. కానీ కన్ను మూతపడితే చాలు, చేతులు లేచేవి. కుడినుంచి అందుకుని ఎడమకు ఇచ్చేవి. గుడ్డతో కట్టేస్తే తెల్లారేసరికి ముడి విడిపోయి ఉండేది.

ఒక తెల్లవారుజామున మారిలీస్ లేచి చూసింది. చేతులు గుండెమీద పెట్టుకుని ప్రశాంతంగా నిద్రపోతున్నాడు. హమ్మయ్య అనుకుంది. అతని ఎడమపక్కన పడుకున్న మూడేళ్ల కూతురికి దుప్పటి సరిచేయబోయింది.

పాప నిద్రలోనే ఉంది. అరచేతులు రెండూ తెల్లగా ఉన్నాయి. ముట్టుకుంటే సున్నం ఇంకా తడిగా ఉంది.